అలాస్కాలో పొయ్యి, అనంతపురంలో తీగ: ప్రాజెక్టు డైరీ

జనవరి 4

షాపు మూసేసరికి రాత్రి తొమ్మిదైంది. కాలిపోయిన బోరు మోటార్లు ఈ రోజు మూడు వచ్చాయి, ఒకటి మాత్రమే విప్పగలిగాను, అయినా మూడు నెలలుగా రేపు రేపు అంటూ తోస్తున్న పని ఈ రాత్రి మొదలుపెట్టేశాను. అలాస్కాలో గకోనా అనే ఊరి దగ్గర రేడియో తరంగాలతో పై గాలిని వేడి చేసే కేంద్రం ఒకటుంది, పేరు హార్ప్. ఎక్కడ భూకంపం వచ్చినా, ఎక్కడ తుపాను వచ్చినా యూట్యూబ్‌లో దాని నెత్తినే రుద్దుతుంటారు. దాని సిగ్నల్‌ను మా మిద్దె మీద పట్టుకోవాలి. ప్రాజెక్టు ఇంతే.

లెక్క వేస్తే దూరం సుమారు 10,700 కిలోమీటర్లు వచ్చింది. పిల్లల గ్లోబు మీద దారం లాగి పెట్టి చూశాను, టిబెట్, మంగోలియా పడమటి కొస, సైబీరియా దాటి, ధ్రువం పక్కగా తిరిగి అలాస్కాలో దిగుతోంది. అంటే నా తీగ చూడాల్సింది ఉత్తరం వైపు, కొంచెం తూర్పుకు ఒరిగి.

సామాన్లు పెద్దగా లేవు. పెన్‌డ్రైవ్ అంత ఉండి, కంప్యూటరుకు తగిలిస్తే రేడియోలా పనిచేసే ఆర్టీఎల్-ఎస్డీఆర్ రిసీవరు ఆన్‌లైన్‌లో కొన్నది ఉంది, పాత ల్యాప్‌టాప్ ఉంది. ఇక తీగ. రీవైండింగ్ షాపు పెట్టుకున్నవాడు తీగ కొనడమేంటి? సబ్‌మెర్సిబుల్ మోటారుకు వేసే వైండింగ్ వైరుకు పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, బోరులో నీళ్ళ కింద ఏళ్ళ తరబడి ఉండేదానికి మిద్దె మీద ఎండావానా ఒక లెక్కా. 22 మీటర్లు కోసి పెట్టుకున్నాను.

జనవరి 7

నీళ్ళ ట్యాంకు స్టాండు నుంచి పక్కింటి వేపచెట్టు కొమ్మ దాకా కట్టేశాను. పక్కింటి అక్క కింద నుంచి చూసి, "ఏం తమ్ముడూ, అంత ఎత్తున బట్టలు ఎవరు ఆరేస్తారు?" అంది. అలాస్కా అని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

ఇంత పొడుగు తీగను నేరుగా రిసీవరుకు తగిలిస్తే సిగ్నల్ సరిగ్గా దిగదు, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 9కి 1 అన్నమాట. ఫెర్రైట్ రింగు మీద మూడు వైర్లు జతగా పట్టుకుని తొమ్మిది చుట్లు చుట్టి, ఒకదాని కొసను ఇంకోదాని మొదలుకు కలపాలి. పదహారేళ్ళుగా 24 స్లాట్ల స్టేటర్లు కళ్ళు మూసుకుని చుడుతున్న మనిషిని, ఈ తొమ్మిది చుట్ల రింగులో మొదలూ కొసా తారుమారు చేశాను. షాపులో కుర్రాడు ఇదే తప్పు చేస్తే వారం రోజులు దెప్పుతాను కాబట్టి, వాడు రాకముందే విప్పి మళ్ళీ చుట్టేశాను.

జనవరి 8

సిగ్నల్ ఏదైనా స్క్రీను మీద గీతగా కనబడుతుంది. రిసీవరు ఆన్ చేస్తే స్క్రీనంతా గోల గీతలే, ఒక్క స్టేషనూ లేదు. ఇల్లే ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ అని ఈ రోజు తెలిసింది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి ఎంసీబీలు ఒక్కొక్కటి దించుతూ పోయాను: ముందు గదిలో ఎల్ఈడీ బల్బు, తర్వాత ఇన్వర్టరు, తర్వాత ఫోను చార్జరు. అన్నీ ఆపినా సగం గోల అలాగే ఉంది, అది వీధి గోల. సాయంత్రం 7 దాటాక ఏరియా మొత్తానికి కరెంటు పోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం, నల్లటి స్క్రీను మీద సన్నటి గీతల్లా స్టేషన్లు, చైనా భాష, అరబ్బీ, ఎక్కడిదో హిందీ పాట. కరెంటు పోయిందని వీధిలో సంతోషించినవాడిని నేనొక్కడినే అయ్యుంటాను. ఇరవై నిమిషాల్లో వచ్చేసింది, పాడు కరెంటు.

జనవరి 13

పండగ పనుల్లో తీగ జోలికి పోలేదు. అవతలి వైపు ఏముందో మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.

33 ఎకరాల్లో 180 టవర్లు, వరసకు 15 చొప్పున 12 వరసలు, ఒక్కోటి 72 అడుగులు. ఒక్కో టవరుకు 10 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు రెండు, మొత్తం 360, అంటే 3.6 మెగావాట్లు. నా భాషలో చెప్పుకోవాలంటే 5 హెచ్‌పీ మోటార్లు 965 ఒకేసారి తిప్పినంత. ఫ్రీక్వెన్సీ 2.7 నుంచి 10 మెగాహెర్ట్జ్ వరకు, మన పాత షార్ట్‌వేవ్ రేడియో బ్యాండే. 1993లో కట్టడం మొదలైతే పూర్తి రూపానికి వచ్చింది 2007లో. అమెరికా వైమానిక దళం, నౌకాదళం, రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బు పెట్టాయి, 2015లో అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీకి అప్పగించారు. అక్కడొక్కచోటే ఉందనుకునేరు, నార్వేలో ట్రామ్సో దగ్గర ఒకటి, రష్యాలో సూరా అని ఇంకొకటి ఉన్నాయి. అవి 1980ల నాటి నుంచీ నడుస్తున్నాయి, వాటిని మాత్రం ఎవరూ తిట్టరు, పాపం.

వేడి చేయడమంటే ఏంటో నాకు అర్థమైనంత వరకు ఇదీ. 60 కిలోమీటర్ల నుంచి పైకి ఐనోస్ఫియర్ ఉంటుంది, సూర్యుడి కిరణాల దెబ్బకు గాలి అణువుల నుంచి ఊడిపడ్డ ఎలక్ట్రాన్లు అక్కడ తిరుగుతుంటాయి. అలా ఊడినవి కూడా తక్కువే, 250 కిలోమీటర్ల ఎత్తులో వేల అణువులకు ఒకటి. రేడియో తరంగం వచ్చి ఆ ఎలక్ట్రాన్‌ను ఊపుతుంది. అది ఊగుతూ పక్కనున్న అణువును గుద్దితే, ఒక క్రమంలో ఉన్న ఊపు కాస్తా దిక్కులేని గందరగోళం అవుతుంది, దాన్నే వేడి అంటాం. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వందల డిగ్రీలు, ఒక్కోసారి వెయ్యి దాటి కూడా పెరుగుతుంది. అయితే అది ఎలక్ట్రాన్లకే, చుట్టూ ఉన్న గాలికి దాదాపు తెలియనే తెలియదు. మేకపిల్ల గుద్దితే ఏనుగుకు ఎంత తెలుస్తుందో అంత.

జనవరి 19

నార్పల దిక్కు నుంచి మోటారు తెచ్చే రైతు ఒకాయన ఉన్నాడు, నేను చిన్నాన్నా అని పిలుస్తాను. మోటారు దించి, మిద్దె మీద తీగ చూసి, సంగతి విని అన్నాడు:

"ఏమప్పా, మోడాలను తరిమే మిషను అదే కదా? మన దిక్కు వానలు రాకుండా చేసేది వాళ్ళేనంట, మావాడు ఫోన్లో చూపించినాడు."

బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క వేశాను. ఆ మిషను పూర్తి శక్తి 36 లక్షల వాట్లు. నడిమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు. అంటే 3,600 చదరపు మీటర్లు, సెంట్లలో చెప్తే 89 సెంట్ల చేను మీద పడే ఎండ, అంతకు మించి ఒక్క వాటు లేదు.

"నీ చేను ఎంత చిన్నాన్నా?"

"నాలుగెకరాలు."

"అట్లయితే మధ్యాహ్నం పూట నీ చేను మీద అలాంటి మిషన్లు నాలుగున్నర ఉన్నట్టు."

కాసేపు ఆలోచించాడు. "నాలుగున్నర మిషన్లు పెట్టుకోని కూడా ఒక్క మోడాన్ని కదిలించలేకపోతి కదప్పా," అన్నాడు.

ఆ 36 లక్షల వాట్లను సన్నటి పుంజంగా పైకి పంపినా 250 కిలోమీటర్లు ఎక్కేసరికి ఎంత పరుచుకుంటుందంటే, చదరపు మీటరుకు మిగిలేది మిల్లీవాట్లలోనే. మబ్బులు ఉండేది పది పదిహేను కిలోమీటర్ల లోపు, ఈ తరంగాలు వాటిని దాటుకుని పోతాయి తప్ప మబ్బులతో వాటికి పనేమీ లేదు. అయినా చిన్నాన్న అడిగాడని నవ్వడానికి నాకు నోరు రాలేదు. శెనక్కాయ చేను కళ్ళ ముందు ఎండిపోతుంటే ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా.

తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న రాడార్ సంగతి కూడా అడిగాడు. అది వేరే రకం. 53 మెగాహెర్ట్జ్, 1,024 యాగీ యాంటెన్నాలు, మొదట కట్టినప్పుడు పల్సులో దాని బలం 2.5 మెగావాట్లు, కాగితం మీద హార్ప్‌కు పెద్దగా తీసిపోదు. కానీ లిప్తపాటు పల్సులు పంపి గాలి కదలికను కొలవడం దాని పని. పైగా అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఐనోస్ఫియర్‌ను చీల్చుకుని పోతుంది, అక్కడ ఆగి వేడి చేయదు. మెగావాట్లు ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ ఫ్రీక్వెన్సీ అన్నదే అసలు సంగతి.

జనవరి 26

షాపు సెలవు. ధ్రువాల దగ్గర ఎందుకు వేడి చేస్తారన్నది నాకు మొదట్నుంచీ అర్థం కాని విషయం. చదివితే తలకెక్కలేదు, సూదితో ఎక్కింది. కుట్టు సూది నడుముకు దారం కట్టి, బల్ల మీద అడ్డంగా సమంగా నిలిచేలా ముడి జరిపి, తర్వాత సూదిని అయస్కాంతంతో ఒకే వైపు ముప్పై నలభై సార్లు రుద్ది మళ్ళీ వేలాడదీశాను. ఉత్తరానికి తిరిగింది, తిరగడమే కాదు, ఉత్తరపు కొన కొద్దిగా కిందికి వంగింది. భూమి అయస్కాంత రేఖలు మన దగ్గర దాదాపు పడుకుని ఉంటాయి, అందుకే ఆ కాస్త వంపు. ఇదే సూది గకోనాలో కడితే దాదాపు నిట్టనిలువుగా తలకిందులవుతుంది.

ఎలక్ట్రాన్లు ఆ రేఖలను పట్టుకునే తిరుగుతాయి, అడ్డంగా పోలేవు. నిలువు రేఖల వెంట తరంగాల పుంజాన్ని పంపితే అక్కడ పని బలంగా జరుగుతుంది. పైగా ధ్రువకాంతులు వెలిగే చోట దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తులో సహజంగానే కరెంటు పారుతూ ఉంటుంది. కింద నుంచి హీటరును సెకనుకు వేయి సార్లు ఆపుతూ వేస్తూ ఉంటే ఆ పొర వాహకత్వం అంతే వేగంగా మారుతుంది, పారే కరెంటు కూడా అలాగే ఎగిరి పడుతుంది, అంటే ఆకాశంలోని కరెంటే యాంటెన్నా అయ్యి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలు పంపుతుంది. అంత పొడుగు తరంగానికి నేల మీద యాంటెన్నా కట్టాలంటే జిల్లాలు చాలవు. ఇది చదివి లేచి షాపంతా రెండు చుట్లు తిరిగాను.

కెమెరాకు అందే కాంతి కూడా వస్తుందట. వేడెక్కిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పరమాణువును కొడితే అది 630 నానోమీటర్ల ఎరుపులో, ఇంకా గట్టిగా కొడితే 557.7 ఆకుపచ్చలో మెరుస్తుంది. హీటరు ఆపిన నిమిషం రెండు నిమిషాల్లో ఎరుపు ఆరిపోతుంది. ఆకుపచ్చ అంతసేపు కూడా ఆగదు.

ఫిబ్రవరి 5

వాళ్ళు ప్రయోగాలు చేసే రోజుల ముందు నోటీసు పెడతారు, దాని కోసమే కాచుకుని ఉన్నాను. వచ్చింది. అలాస్కా సమయానికి 13:30 గంటలు కలుపుకుని అలారం పెట్టుకుని లేచాను. గంటసేపు ఖాళీ స్క్రీను చూశాక గుర్తొచ్చింది, ఆ 13:30 ఎండాకాలం లెక్క, అప్పుడు అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, చలికాలంలో కలపాల్సింది 14:30. అంటే అసలు టైము ఇప్పుడే మొదలవుతుంది, కానీ షాపు తెరవాలి, బయట అప్పుడే ఒక మోనోబ్లాక్ పంపు వచ్చి కూర్చుంది.

ఫిబ్రవరి 6

దొరికింది! నోటీసులో ఇచ్చిన ఫ్రీక్వెన్సీ దగ్గరే సన్నటి గీత, కదలకుండా, గట్టిగా. కుర్రాడిని పిలిచి చూపించాను, ఫొటో తీశాను, టీ తెప్పించాను.

వాళ్ళు ఆపేసే టైము అయింది, గీత ఆగలేదు. పది నిమిషాలు, అరగంట. అక్క ఇంటికి పోయి, కొంచెం మొహమాటంగానే, ఆ చార్జరు ఒక్క నిమిషం తీస్తావా అక్కా అని అడిగాను. తీసింది. గీత పోయింది. పెట్టింది, గీత వచ్చింది. అది ఆమె మనవడి బొమ్మ కారు చార్జరు.

ఫిబ్రవరి 9

నాలుగు రోజులు చూశాను, గకోనా రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే, అసలు రావడమే వింత అనిపిస్తోంది. వాళ్ళ పుంజం నెత్తి మీదికి పోతుంది, నా వైపు వచ్చేది పక్కలకు చిందిన చెంచాడు. అక్కడ సాయంత్రం ఏడంటే ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర, అప్పటికి మన నెత్తిన ఎండ పడి ఐనోస్ఫియర్ అడుగు పొర, డీ పొర అంటారు, 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, బాగా తయారై ఉంటుంది. ఆ ఎత్తులో గాలి కాస్త చిక్కన, ఎలక్ట్రాన్ సెకనుకు లక్షల సార్లు అణువులను గుద్దుతుంది, కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీ షార్ట్‌వేవ్‌ను మింగేస్తుంది.

ఇక్కడే నాకు వెలిగింది. మింగడమన్నా వేడి చేయడమన్నా ఒకటే పని, రెండు పేర్లు. గకోనాలో వాళ్ళు కావాలని చేసేది, నా దగ్గరికి రావాల్సిన చెంచాడు సిగ్నల్‌కు దారిలో తనంతట తాను జరిగిపోయింది. నా సిగ్నల్ ఎక్కడికీ పోలేదు, దారిలో ఎక్కడో నాలుగు ఎలక్ట్రాన్లను వెచ్చబెట్టింది.

దీన్ని మొదట పట్టుకున్నది కూడా హీటర్లు కట్టినవాళ్ళు కాదు, రేడియో వింటూ కూర్చున్న మనిషి. 1933లో నెదర్లాండ్స్‌లో టెలిజెన్ అనే ఇంజనీరు, పాత రేడియోల్లో ఉండే పెంటోడ్ వాల్వును కనిపెట్టినాయనే, స్విట్జర్లాండ్‌లోని బెరోమ్యూన్‌స్టర్ స్టేషన్ పెట్టుకుంటే దాని వెనక లక్సెంబర్గ్ రేడియో కార్యక్రమం సన్నగా వినబడింది. రెండింటి ఫ్రీక్వెన్సీలకూ సంబంధం లేదు, రేడియో తప్పూ కాదు. లక్సెంబర్గ్ స్టేషన్ బలమైనది, దాని మాటల ఎగుడు దిగుడులకు తగ్గట్టు అడుగు పొరలో ఎలక్ట్రాన్లు వేడెక్కుతూ చల్లారుతూ ఉన్నాయి, ఆ చోటు మీదుగా పోయే స్విస్ సిగ్నల్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ నష్టపోతోంది. అంటే లక్సెంబర్గ్ అనౌన్సరు గొంతు ఆకాశంలో వేడిగా అచ్చుపడి, ఇంకో స్టేషన్ భుజం మీద ఎక్కి వచ్చింది. అక్కడ ఎలక్ట్రాన్లు వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టేది మిల్లీసెకను కూడా కాదు, అందుకే మాటకు మాట అందింది. బెయిలీ, మార్టిన్ అనే ఇద్దరు 1934లో దీనికి కారణం చెప్పారు.

రాత్రిపూట కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో, 900 దగ్గర, ఇంకేదో స్టేషన్ కలగాపులగంగా వినబడితే ఇదే అనుకోబోయాను. కాదు, అది ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు స్టేషన్లు ఢీకొనడం. చార్జరు దెబ్బ తర్వాత ప్రతిదాన్నీ అనుమానిస్తున్నాను.

ఫిబ్రవరి 16

దారి మార్చాను. అలాస్కా రాకపోతే పోయింది, నా నెత్తి మీది డీ పొరనే చూద్దాం. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో మన నేవీ వాళ్ళ స్టేషన్ ఉంది, జలాంతర్గాముల కోసం 18.2 కిలోహెర్ట్జ్‌లో పంపుతుంది. మాకు సూటిగా దక్షిణాన 700 కిలోమీటర్లు. అంత తక్కువ ఫ్రీక్వెన్సీకి రిసీవరు కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్ మైకు రంధ్రమే చాలు, సౌండ్ కార్డు 24 వరకు వింటుంది. ఆ తరంగం నేలకూ డీ పొరకూ మధ్య జారుకుంటూ వస్తుంది కాబట్టి పొర కదిలితే సిగ్నల్ కదులుతుంది.

దీనికి కావాల్సింది పెద్ద కాయిల్, అంటే చివరికి నా పనిలోకే వచ్చి పడ్డాను. మీటరు చదరం చెక్క చట్రం, 26 గేజు ఎనామిల్ వైరు, 50 చుట్లు, తూకం వేస్తే 300 గ్రాములకు కొంచెం తక్కువ. లెక్క ప్రకారం 822 కెపాసిటర్, అంటే 8.2 నానోఫారడ్‌ది, పెడితే 18 కిలోహెర్ట్జ్ దగ్గర పలకాలి. పెట్టాను, 17 లోపే పలికింది. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని బిగువుగా చుట్టానుగా, వాటి మధ్యే కొంత కెపాసిటెన్స్ పుట్టింది. మోటారుకు బిగువుగా చుట్టడం గొప్ప, ఇక్కడ అదే తప్పు. ఊళ్ళో పాత రేడియో మెకానిక్ తాత ఒకాయన ఉన్నాడు, ఆయన డబ్బాలో 682, అంటే 6.8ది, దొరికింది. డబ్బు తీసుకోలేదు, సంగతంతా కూర్చుని చెప్పించుకున్నాడు. ఇప్పుడు 18.2 మీద సరిగ్గా కూర్చుంది.

చట్రం అంచు దక్షిణానికి పెడితే గీత మెరుస్తోంది, ముఖం దక్షిణానికి తిప్పితే మాయమవుతోంది. చార్జర్లు అలా చేయవు. ఈసారి నమ్ముతున్నాను.

ఫిబ్రవరి 25

వారం రోజుల గ్రాఫు. పొద్దు పొడిచేటప్పుడు సిగ్నల్ గుంటలో పడి లేస్తోంది, పొద్దు గూకేటప్పుడు ఇంకోసారి. రాత్రి 85 కిలోమీటర్ల పైన ఉండే అంచు తెల్లవారితే 70 దాకా దిగుతుంది, ఆ దిగడం మా మిద్దె మీద చెక్క చట్రంలో కనబడుతోంది! మంగళవారం మధ్యాహ్నం గీత ఉన్నట్టుండి ఎగిరి ముప్పావు గంటలో మెల్లగా దిగింది. ఉపగ్రహాల ఎక్స్‌రే గ్రాఫుతో పోలిస్తే అదే టైముకు సౌరజ్వాల ఒకటి ఉంది. ఇక్కడ సూర్యుడు చేసింది వేడి కంటే ఎక్కువగా కొత్త ఎలక్ట్రాన్లను ఊడగొట్టడం, రెండూ కలిపేయకూడదు.

మార్చి 3

చిన్నాన్న మోటారు తీసుకుపోవడానికి వచ్చాడు. స్పీకరు పెట్టి వినిపించాను, గీత కాదు, దాని చుట్టూ ఎప్పుడూ ఉండే చిటపటలు, శెనక్కాయలు వేయించినట్టు. "ఇవి పిడుగులు చిన్నాన్నా. ప్రతి పిడుగూ ఒక చిన్న హీటరే, అది పడినప్పుడు పుట్టే తరంగం పైకి పోయి ఇదే పొరను వెయ్యో వంతు సెకను కూడా పట్టకుండా వేడి చేస్తుంది, పెద్ద పిడుగైతే అక్కడ ఉంగరంలా వెలుగు కూడా వస్తుంది."

"పిడుగా? యాడ పడుతోంది?"

"దక్షిణమో ఉత్తరమో. ఈ చట్రానికి రెండూ ఒకటే, చెప్పలేదు."

"అది తెలిస్తే కదప్పా పనికొచ్చేది," అని మోటారు ఆటోలోకి ఎత్తించుకున్నాడు.

నిజమే. తూర్పు పడమరలకు ఇంకో చట్రం అడ్డంగా పెట్టి, దాంతోపాటు మామూలు నిలువు తీగ ఒకటి కలిపితే దిక్కు తేలుతుంది. ఇంకో 300 గ్రాముల వైరు కావాలి. షాపులో ఉన్న 26 గేజు బండిల్ ముందు అర హెచ్‌పీ మోనోబ్లాక్‌లకు సరిపోవాలి, ఎండలు ముదిరాయి, పొద్దున్నుంచి నాలుగు వచ్చాయి.